కత్తి కొనాలంటే తోక చూడాలి!

2000 దశకం తొలినాళ్లు. అమెరికాలో ఒక టీవీ షాపింగ్ చానెల్. 'చూడండి, ఎంత గట్టిదో' అన్నట్టుగా అమ్మకందారు ఓ జపాన్ తరహా కత్తిని టేబుల్‌కేసి కొడుతున్నాడు. ఒక దెబ్బ... ఇంకో దెబ్బ... అంతే, కత్తి పుటుక్కున విరిగింది. ఎగిరొచ్చిన మొన అతనికే తగిలింది. అదంతా కెమెరా ముందే జరిగింది! అదృష్టవశాత్తూ ప్రాణాపాయం తప్పింది. తళతళా మెరిసిపోయిన ఆ కత్తి నిజానికి గోడకు తగిలించుకోవడానికి పనికొచ్చే స్టెయిన్‌లెస్ స్టీలు బాపతు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే మరి!

'అట్టకత్తి' అన్న మాట మనకు కొత్తేం కాదు. కత్తి కాంతారావు జానపదాలు చూసి పుల్లలు పట్టుకుని యుద్ధాలు చేసిన తరం మనది. ఇప్పటి పిల్లలకు 'బాహుబలి' ఉంది. అమెరికా, యూరప్‌లలో మాత్రం ఈ సరదా పుల్లల దగ్గర ఆగిపోలేదు. 2001 నుంచి 2003 వరకు వరసగా వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సినిమాలు, 2011లో మొదలైన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్ చూసినవాళ్లు అలాంటి కత్తి తమ ఇంట్లోనూ ఉండాలనుకున్నారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాల్నీ, తడిపి చుట్టిన చాపల్నీ ఒక్క వేటుకు నరికే సాధన చేస్తున్నారు. చిక్కల్లా అక్కడే. చూడ్డానికి బాగుండే కత్తి వేరు, చేతిలో ఒదిగే కత్తి వేరు. మరి తక్కువ డబ్బుతో రెండోదాన్ని పట్టుకోవడం ఎలా?

ఒక కథ... మూడు కత్తులు

సినిమావాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' కోసం న్యూజిలాండ్‌లోని వెటా వర్క్‌షాప్‌లో పీటర్ లియాన్ అనే కత్తుల నిపుణుడు ప్రధాన పాత్రలకు అసలైన స్టీలు కత్తులు చేశాడు. అవి దగ్గరి షాట్ల కోసం. పోరాటాలకు తేలికపాటి అల్యూమినియం కత్తులు, కింద పడి దొర్లే సన్నివేశాలకు రబ్బరువి... ఇలా ఒకే కత్తికి మూడు రూపాలు. హీరో విగో మోర్టెన్సెన్ మాత్రం పోరాటాల్లోనూ స్టీలు కత్తికే మొగ్గు చూపాడట.

అంటే, ఏ పనికి ఆ కత్తి. కొనేవాళ్లూ ముందు తేల్చుకోవాల్సింది ఇదే. గోడకు తగిలించడానికా, చేతపట్టి తిప్పడానికా? 'రెండూ ఒకదాంతోనే' అనుకుంటే ఒక ఒరలో రెండు కత్తులు ఇరికించినట్టే. ధరను బట్టి పోల్చుకుందామన్నా కుదరదు. సినిమా పేరుతో వచ్చే అలంకరణ కత్తులు రెండు మూడు వందల డాలర్లు పలుకుతాయి. ఇంచుమించు అదే ధరకు, బొమ్మలూ రాళ్లూ లేకుండా సాదాగా ఉండే, పనికొచ్చే కత్తి దొరుకుతుంది. మొదటిదాంట్లో డబ్బంతా పైకి కనిపించేదానికి పోతుంది. రెండోదాంట్లో లోపలికి వెళ్తుంది.

ఎలుకతోకతో జాగ్రత్త!

కత్తిలో కోసే భాగం అలుగు. అది పిడి దగ్గరే ఆగిపోదు, సన్నబడి పిడి లోపలికి వెళ్తుంది. బయటికి కనిపించని ఆ తోకనే ఇంగ్లిష్‌లో టాంగ్ అంటారు. కత్తి ఆయుష్షంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. చౌకరకం అలంకరణ కత్తుల్లో అలుగును పిడి దగ్గరే ముగించి, సన్నటి కడ్డీని వెల్డింగ్‌తో అతికిస్తారు. దీనికి 'ఎలుకతోక' అని పేరు. గట్టిగా విసిరితే అతుకు ఊడి, అలుగు బాణంలా దూసుకుపోతుంది. ఎదురుగా ఎవరున్నారన్నది ఇక వాళ్ల అదృష్టం.

మంచి కత్తికి అలుగూ తోకా ఒకే ముక్క. తోక వెడల్పుగా, మందంగా ఉంటుంది. అలుగు తోకగా మారేచోట మూలలు నిక్కచ్చిగా తొంభై డిగ్రీల్లో కాకుండా గుండ్రంగా ఉండాలి. పదునైన మూల దగ్గర ఒత్తిడంతా పోగుపడి, పగులు అక్కడే మొదలవుతుంది.

లారీ కమాన్‌పట్టీలే మేలు

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు. కూరలు కోసే చాకుకు అది వరమే. మూడడుగుల కత్తికి మాత్రం శాపం. అంత పొడవున దెబ్బ తగిలితే వంగి మళ్లీ నిటారుగా నిలిచే గుణం దానికి తక్కువ. అందుకే పనికొచ్చే కత్తుల్ని కార్బన్ స్టీలుతో చేస్తారు. వివరాల్లో 1060, 1075 లాంటి అంకెలుంటాయి. చివరి రెండంకెలు కార్బన్ శాతాన్ని చెబుతాయి. 1060 అంటే సుమారు 0.60 శాతం అన్నమాట. 5160 అని ఉంటే అది స్ప్రింగ్ స్టీలు. లారీల బరువు మోసే కమాన్‌పట్టీలు చేసే రకం!

అయితే స్టీలు పేరొక్కటే చాలదు. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి చల్లార్చి, పెళుసుదనం పోయేలా మళ్లీ కాస్త వేడిచేయాలి. ఈ పని సరిగా జరగకపోతే ఎంత మంచి ఉక్కైనా విరుగుతుంది, లేదంటే వంగినది వంగినట్టే ఉండిపోతుంది.

'డమాస్కస్' అన్న పేరు చూసి మురిసిపోవద్దు. ఒకప్పుడు పర్షియా వర్తకులు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చి కొనుక్కెళ్లిన ఉక్కు ముద్దలు మూసల్లో కరిగించి చేసినవి. ప్రపంచమంతా మెచ్చిన చారల కత్తులు అలాంటి ఉక్కుతోనే తయారయ్యాయి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి చాలావరకు రెండు రకాల స్టీలు పొరల్ని అతికించి, యాసిడ్‌తో చారలు తేల్చినవి. చౌకవాటిలో పొరల మధ్య అతుకు సరిగా కుదరకపోతే అక్కడే బలహీనత.

గడ్డపారా... కత్తా?

పాతకాలం ఖడ్గాలు ఎత్తలేనంత బరువని చాలామంది నమ్మకం. అది అపోహ. యూరప్‌లో ఒంటిచేత్తో తిప్పిన కత్తులు దాదాపు కిలో, కిలోంబావు. రెండు చేతులతో పట్టే పొడవాటి కత్తులూ మామూలుగా రెండు కిలోలు దాటవు. వాటిముందు ఫ్యాంటసీ కత్తులే బరువు. 1997లో వచ్చిన వీడియోగేమ్ 'ఫైనల్ ఫ్యాంటసీ 7'లో హీరో భుజాన వేసుకునే కత్తి దాదాపు మనిషంత ఉంటుంది. దాన్ని ఉక్కుతో చేస్తే మోయడానికే మనుషులు కావాలి!

చేతిలో ఒదగడమన్నది బరువు ఎంతన్నదానికంటే ఎక్కడుందన్నదాని మీద ఆధారపడుతుంది. కత్తిని అడ్డంగా వేలిమీద నిలబెట్టి చూడండి. పిడి ముందుండే అడ్డకమ్మీకి మూడు నుంచి అయిదు అంగుళాల దూరంలో నిలిస్తే రెండు చేతుల కత్తికి సాధారణంగా మంచి లక్షణం. బాగా ముందుకెళ్తే మొన కిందికి లాగుతుంది, మణికట్టు నొప్పెడుతుంది. అలుగు మందం పిడి దగ్గర అయిదారు మిల్లీమీటర్లుండి, మొనవైపు వెళ్లేకొద్దీ రెండు మూడుకు తగ్గాలి. మొదటినుంచి చివరిదాకా ఒకే మందం ఉంటే అది గడ్డపారే. పిడి చివరి గుండు అలంకారానికి కాదు, ముందువైపు బరువుకు సరితూకం. అలుగు మధ్యలో గాడి కూడా రక్తం కారడానికి కాదు, బరువు తగ్గించడానికే.

అందుకే రెక్కలు, కొమ్ములు, ముళ్లు ఉన్న నమూనాల జోలికి పోకపోవడం మంచిది. ప్రతి కొమ్మూ బరువే. ఫ్యాంటసీ అందం కావాలి, పనితనమూ కావాలి అంటే చరిత్రలోని కత్తికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లోని అందురిల్, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లోని లాంగ్‌క్లా అలాంటివే. పిడి మీది ముస్తాబు తీసేస్తే మధ్యయుగాల యూరప్ కత్తులే కనిపిస్తాయి.

డెహ్రాడూన్ నుంచి...

తక్కువ ధరలో దొరికే కత్తులకు పెద్ద చిరునామాలు రెండు. ఒకటి తరతరాలుగా కత్తులకు పేరుమోసిన చైనాలోని లాంగ్‌చ్వాన్. రెండోది మన డెహ్రాడూన్. అక్కడ 1943లో మొదలైన విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ కత్తులు అమెరికా దాకా వెళ్తాయి.

అయితే మనదేశంలో కత్తి కొనడం ఒట్టి సరదా వ్యవహారం కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి ఖడ్గాలూ వస్తాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు ఉండాలి. ముందుగా పోలీసుల్ని అడిగి తెలుసుకోవడం మేలు. పెళ్లి ఊరేగింపుల్లో, పుట్టినరోజు కేకుల దగ్గర తిప్పితే కేసులు తప్పవు.

కొనేముందు అడగండి!

* ఏ స్టీలు? ఉత్త 'హై క్వాలిటీ స్టీలు' అంటే జవాబు కాదు.
* అలుగూ తోకా ఒకే ముక్కేనా?
* బరువెంత? ఎక్కడ తూగుతుంది?
* పిడి దగ్గర, మొన దగ్గర మందం ఎంత?
* పదును పెట్టిందా, మొద్దుదా? పదునైనదాంతో ఎదురెదురు సాధన ఎప్పుడూ చేయొద్దు.

కొన్నాక కూడా పనుంటుంది. కార్బన్ స్టీలుకు వేలిముద్ర పడినా తుప్పే. వాడిన ప్రతిసారీ తుడిచి, పలచగా కుట్టుమిషన్ నూనె రాయాలి. తోలు ఒర చెమ్మ పట్టి ఉంచుతుంది కాబట్టి నెలల తరబడి అందులోనే వదిలేయకూడదు. విశాఖ లాంటి సముద్రతీరంలోనైతే మరీ జాగ్రత్త.

అన్నిటికంటే ముందు తోక సంగతి అడగండి. జవాబు చెప్పడానికి దుకాణదారు నీళ్లు నమిలితే... మీ పర్సును ఒరలోంచి తీయకండి!