బండి కదలనప్పుడు

2008వ సంవత్సరమున తెరవబడిన శంషాబాదు విమానాశ్రయము దారిని తెల్లవారుజామున మన సభ్యుల కూరగాయల బండి నిలిచెనా, ఆనాటి బేరము పోయినట్లే. తాళము త్రిప్పినను పెట్రోలు ఇంజను తిరుగనిచో ముందు బ్యాటరీ తీగల బిగువును, వాని మొదళ్లను పట్టిన చిలుమును చూడవలెను. దోషము పెక్కుసార్లు అచ్చటనే యుండును. ఇంజను తిరిగియు అంటుకొననిచో ప్లగ్గును ఊడదీయవలెను. అది పొడిగా నున్నచో పెట్రోలు చేరుట లేదనియు, తడిసియున్నచో నిప్పురవ్వ పుట్టుట లేదనియు అనుమానింపవచ్చును. తుడిచి, ఆరబెట్టి, మరల బిగించి చూడవలెను. వానకాలమున తీగలకు పట్టిన చెమ్మయు నిట్లే చేయును. 12 వోల్టుల విద్యుత్తును కాయిలు వేలకొలది వోల్టులకు పెంచును గనుక, ఇంజను తిరుగునప్పుడు ఆ తీగలను తాకరాదు. పెట్రోలు వాసన గలచోట రవ్వను పరీక్షించుట మాకు సమ్మతము గాదు. డీజిలు ట్రాక్టరునకు రవ్వ ప్లగ్గే లేదు. ఒత్తిన గాలి వేడికే నూనె మండును. అందు నూనెగొట్టములలో గాలి చేరినదేమో చూడవలెను.