తొలి నెలల కడుపునొప్పి: మూడో నెల దాకా దాచకూడని సంగతి

నెల తప్పిన తొలి వారాల్లో పొత్తికడుపులో కలిగే లాగుడు ముట్టునొప్పిని పోలి ఉండి గర్భిణులను కలవరపెడుతుంది గాని, గర్భసంచి పెరుగుతూ దానిని పట్టి ఉంచే కండరబంధాలు సాగడం వల్ల వచ్చే కొద్దిపాటి నొప్పి చాలామందిలో సహజమే. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పేగుల కదలికను మందగింపజేస్తుంది కనుక మలబద్ధకం, కడుపుబ్బరం కూడా తోడవుతాయి. పొందూరులో రాట్నం ముందు కూర్చుని సన్న నూలు వడికే పని వంటి, గంటల తరబడి లేవనివ్వని పనుల్లో నీళ్లు తక్కువగా తాగితే ఈ ఇబ్బంది పెరుగుతుంది. మూత్రంలో మంట, జ్వరం కలిస్తే అది మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు కాబట్టి పరీక్ష, చికిత్స అవసరం.

అయితే నొప్పి స్వభావాన్ని నిర్ణయించే ముందు గర్భం ఎక్కడ నిలిచిందో తెలియాలి. సుమారు 100 గర్భాలలో ఒకటి రెండింట పిండం గర్భసంచిలో కాక, అండాన్ని గర్భసంచికి చేర్చే ఫెలోపియన్ ట్యూబులో నాటుకుంటుంది. సాగే గుణం అంతగా లేని ఆ నాళం పిండం పెరిగేకొద్దీ పగిలి, కడుపులోపల రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. ఒకవైపే పొడిచినట్టుండే నొప్పి, ఎర్రబట్ట కనిపించడం, కళ్లు తిరగడం దీని సూచనలు. లోపల చేరిన రక్తం ఉదరవితానాన్ని తాకడంతో భుజం కొసన కూడా నొప్పి పుట్టవచ్చు. రక్తహీనత ఉన్న స్త్రీ ఈ రక్తనష్టాన్ని తట్టుకోలేదు.

నొప్పితో పాటు రక్తం, గడ్డలు పడటం గర్భస్రావ సూచన కావచ్చు. తెలిసిన గర్భాలలో 10 నుంచి 20 శాతం వరకు ఇలా పోతాయి, వాటిలో చాలావాటికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే కనుక తల్లి నడకనో పనినో నిందించడం తగదు.

ట్యూబులోని గర్భం ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది. అంటే మూడో నెల వచ్చేదాకా గర్భం సంగతి బయటికి చెప్పకూడదనే ఇళ్లలో, ఆ మౌనం సాగుతున్న రోజుల్లోనే ప్రమాదం ముంచుకొస్తుంది. నెల తప్పగానే ఆశా కార్యకర్తకు తెలిపి పేరు నమోదు చేయించుకోవడం, వైద్యులు చెప్పిన సమయానికి స్కానింగ్ చేయించుకోవడం, సొంతంగా నొప్పి మాత్రలు మింగకపోవడం అవసరం. తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేసి, శస్త్రచికిత్స, రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆసుపత్రికి చేరాలి.