కమ్యూనిటీ కళాశాలలో సినిమా అధ్యయనం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- అమెరికాలోని కమ్యూనిటీ కళాశాల స్వరూపాన్ని వివరించగలుగుతారు.
- అక్కడి సినిమా కోర్సులలో ఏం నేర్పుతారో చెప్పగలుగుతారు.
- ఉపాధి మార్గానికీ, బదిలీ మార్గానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
- ఈ చదువు ప్రయోజనాలనూ పరిమితులనూ అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

సినిమా నేర్చుకోవాలంటే డబ్బో, పరిశ్రమలో చుట్టరికమో ఉండాలన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. కొంతవరకు ఇది నిజమే. కెమెరా ఖరీదైనది, ఒక్కరే సినిమా తీయలేరు, పేరున్న ఫిల్మ్ స్కూళ్లలో సీట్లు తక్కువ, ఫీజులు ఎక్కువ. అమెరికాలోనూ పరిస్థితి ఇంతే. అయితే అక్కడ పగలు పనిచేసుకుంటూ సాయంత్రం సినిమా చదువుకోవడానికి వీలు కల్పించే ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. వాటిని కమ్యూనిటీ కళాశాలలు అంటారు. కాలిఫోర్నియా రాష్ట్రాన్ని ఉదాహరణగా తీసుకుని వాటి గురించి తెలుసుకుందాం.

2. కమ్యూనిటీ కళాశాల అంటే ఏమిటి?

పన్నెండేళ్ల పాఠశాల చదువు తరువాత రెండేళ్లపాటు ఉన్నత విద్యను అందించే స్థానిక కళాశాల ఇది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో ఇటువంటి తొలి ప్రభుత్వ కళాశాల మొదలయింది. అప్పట్లో వీటిని జూనియర్ కళాశాలలు అనేవారు. వీటిని మన ఇంటర్మీడియట్ జూనియర్ కళాశాలలతో పోల్చి పొరబడకూడదు. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో ఇచ్చిన నివేదికతో 'కమ్యూనిటీ కళాశాల' అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది.

వీటి ముఖ్య లక్షణం అందరికీ ప్రవేశం. మార్కుల వడపోత ఉండదు. ఇక రెండో లక్షణం తక్కువ ఫీజు. కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసులకు 2012 నుంచి యూనిట్‌కు 46 డాలర్ల ఫీజు ఉంది. సాధారణంగా ఒక కోర్సుకు మూడు యూనిట్లు, అంటే 138 డాలర్లు. రెండేళ్ల డిగ్రీకి కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు అవుతుంది. పుస్తకాలు, ప్రయాణం, ఇంటి అద్దె దీనికి అదనం. ఇతర రాష్ట్రాలవారూ విదేశీయులూ దీనికి కొన్ని రెట్లు చెల్లించాలి. కాబట్టి 'చవకైన చదువు' అన్న మాట ప్రధానంగా స్థానికులకే వర్తిస్తుంది.

3. ఏం నేర్పుతారు?

సినిమా కోర్సులను రెండు భాగాలుగా చూడవచ్చు.

అ) చూడటం నేర్చుకోవడం: సినిమా చరిత్ర, సినిమా సౌందర్యం, విశ్లేషణ ఈ భాగంలోకి వస్తాయి. కథ ఏమిటన్నది పక్కనపెట్టి, దాన్ని ఎలా చెప్పారన్నది విద్యార్థి పరిశీలిస్తాడు. ఒక షాట్ ఎంతసేపు నిలిచింది, వెలుగు ఏ వైపునుంచి పడింది, ఏ శబ్దం వినిపించింది వంటి విషయాలపై వ్యాసాలు రాస్తాడు.

ఆ) చేయడం నేర్చుకోవడం: స్క్రీన్‌ప్లే రచన, కెమెరా, లైటింగ్, శబ్దగ్రహణం, ఎడిటింగ్ ఇందులో ఉంటాయి. విద్యార్థులు చిన్న బృందాలుగా ఏర్పడి వంతులవారీగా పనులు మార్చుకుంటారు. ఈ వారం దర్శకత్వం చేసినవాడు వచ్చే వారం మైకు పట్టుకుంటాడు.

ఇక్కడ నేర్పే మెలకువలకు రెండు ఉదాహరణలు చూద్దాం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. వారిని కలుపుతూ ఒక గీత ఉందనుకోండి. కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. గీత దాటితే తెరపై ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్లు కనిపించి, ప్రేక్షకుడు తికమకపడతాడు. దీనినే 180 డిగ్రీల నియమం అంటారు. రెండో ఉదాహరణ శబ్దానికి సంబంధించినది. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. షూటింగ్ ముగిశాక అందరూ కదలకుండా నిలబడి ఆ నిశ్శబ్దాన్ని అర నిమిషం పాటు రికార్డు చేస్తారు. మాటల మధ్య ఖాళీలను ఎడిటర్ దానితో పూరిస్తాడు. పుస్తకంలో ఒక్క వాక్యంగా కనిపించే ఇటువంటి విషయం చేతితో చేస్తేనే అలవాటవుతుంది.

4. రెండు మార్గాలు

ఉపాధి మార్గం: ఎడిటింగ్, కెమెరా వంటి ఒక నైపుణ్యంపై దృష్టి పెట్టి సర్టిఫికెట్ పొందడం. ఉద్యోగం వెతుక్కునేవారికి ఇది అనువైనది.

బదిలీ మార్గం: రెండేళ్లు ఇక్కడ చదివి, మిగిలిన రెండేళ్లు విశ్వవిద్యాలయంలో పూర్తిచేయడం. 2010లో చేసిన చట్టం ప్రకారం బదిలీకి ఉద్దేశించిన డిగ్రీని నిర్ణీత అర్హతలతో పొందినవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో చోటు దొరుకుతుంది. అయితే కోరుకున్న ప్రాంగణంలోనే, కోరుకున్న విభాగంలోనే దొరుకుతుందన్న హామీ లేదు.

ఏ మార్గమో మొదటి సెమిస్టరులోనే నిర్ణయించుకోవడం అవసరం. సర్టిఫికెట్ కోసం చదివిన యూనిట్లన్నింటినీ విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకోకపోవచ్చు. గణితం, ఇంగ్లీషు రచన వంటి సాధారణ విద్యా కోర్సులను వాయిదా వేసి కెమెరా తరగతులకే పరిమితమైన విద్యార్థి, రెండేళ్ల తరువాత బదిలీకి అర్హత లేదని తెలుసుకునే ప్రమాదం ఉంది.

5. ఇద్దరు దర్శకులు

జార్జ్ లూకాస్ మొడెస్టో జూనియర్ కళాశాలలో చదివింది మానవశాస్త్రం, సామాజికశాస్త్రం, సాహిత్యం. ఆ తరువాతే సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా విభాగానికి వెళ్లాడు.

లాస్ ఏంజలెస్‌లోని వాట్స్ ప్రాంతంలో పెరిగిన నల్లజాతి దర్శకుడు చార్లెస్ బర్నెట్, లాస్ ఏంజలెస్ సిటీ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదవడానికి చేరాడు. అక్కడే రచన వైపు ఆసక్తి మళ్లింది. తరువాత లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా చదివాడు. తన ప్రాంతంలోని శ్రామిక కుటుంబం గురించి వారాంతాల్లో చిత్రీకరించిన 'కిల్లర్ ఆఫ్ షీప్'ను అక్కడ పట్టా కోసం సమర్పించాడు. ఖర్చు పదివేల డాలర్ల లోపే. 1990లో ఆ చిత్రం అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేరింది. అందులోని పాటల హక్కుల సమస్య తీరి, అది థియేటర్లలో విస్తృతంగా విడుదలయింది మాత్రం 2007లో.

వీరిద్దరికీ కమ్యూనిటీ కళాశాల సినిమా డిగ్రీ ఇవ్వలేదు. మనసు మార్చుకోవడానికి తక్కువ ఖర్చుతో వ్యవధి ఇచ్చింది. అప్పుచేసి ఖరీదైన కోర్సులో చేరిన విద్యార్థికి ఆ వెసులుబాటు ఉండదు.

6. పరిమితులు

సినిమా రంగంలో పని ఇచ్చేవారు పట్టా కంటే ముందు చేసిన పనినీ, తోటివారి మాటనూ ఎక్కువగా చూస్తారు. కాబట్టి సర్టిఫికెట్ ఉద్యోగానికి హామీ కాదు. పైగా ఉద్యోగం, కుటుంబం, చదువు కలిసినప్పుడు రెండేళ్ల కోర్సు నాలుగైదేళ్లు సాగవచ్చు. మధ్యలో మానేసేవారూ ఉంటారు. తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన లోపలికి వచ్చినవారందరూ గమ్యం చేరలేరు. సలహా ఇచ్చే సిబ్బంది, సాయంత్రం తరగతులు, అరువుకిచ్చే పరికరాలు కూడా అంతే ముఖ్యం.

7. మనకు దీనితో సంబంధం

చదువు ఆగిపోయినవారికి మళ్లీ అవకాశం ఇవ్వాలన్న ఆలోచనతోనే 1982లో హైదరాబాదులో దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉద్దేశంలో రెండు వ్యవస్థలూ దగ్గరివే. అయితే కెమెరా పనిని దూరవిద్యలో పూర్తిగా నేర్వలేం. సినిమాను చూడటం మాత్రం ఇంటివద్దే నేర్చుకోవచ్చు.

కృత్యం: మీకు బాగా తెలిసిన తెలుగు సినిమాలో ఐదు నిమిషాల సన్నివేశాన్ని ఎంచుకోండి. మొదట శబ్దం లేకుండా చూసి షాట్లు లెక్కించండి. తరువాత తెర చూడకుండా వినండి. చిత్రం చెప్పినదేమిటి, శబ్దం చెప్పినదేమిటి? ఒక పేజీలో రాయండి.

సారాంశం

కమ్యూనిటీ కళాశాల తక్కువ ఫీజుతో, ప్రవేశ వడపోత లేకుండా సినిమా చదువును అందిస్తుంది. చూడటం, చేయడం రెండూ నేర్పుతుంది. ఉపాధి, బదిలీ మార్గాలలో ఏది కావాలో విద్యార్థి ముందే నిర్ణయించుకోవాలి. ఇది ఉద్యోగానికి హామీ ఇవ్వదు. తన శక్తినీ ఆసక్తినీ అప్పుల్లో పడకుండా పరీక్షించుకునే అవకాశం ఇస్తుంది.

మాదిరి ప్రశ్నలు

1. 180 డిగ్రీల నియమాన్ని ఉదాహరణతో వివరించండి.
2. ఉపాధి మార్గానికీ బదిలీ మార్గానికీ గల భేదాలను రాయండి.
3. 'అందరికీ ప్రవేశం కల్పిస్తే సమాన అవకాశం కల్పించినట్లే.' ఈ అభిప్రాయాన్ని చర్చించండి.