అడుగుల లెక్క – సవరణకు లోబడి

లోక్‌సభలో డివిజన్ జరిగినప్పుడు బోర్డుపై అంకెలు వెలుగుతాయి. వాటిని ప్రకటించేముందు స్పీకరు "సవరణకు లోబడి" అంటారు. మీట నొక్కడంలో పొరపడిన సభ్యులు చీటీలపై తమ ఓటు సరిచేసుకొన్న తర్వాతనే లెక్క ఖాయమవుతుంది. ప్రెస్ గ్యాలరీలో ఏళ్ల తరబడి వింటున్న ఆ మాట విలువ నాకు తెలిసివచ్చినది ఢిల్లీలో కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని సీపత్‌లో.

బిలాస్‌పూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న సీపత్, 2,980 మెగావాట్ల ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం మూలంగా దేశానికి తెలిసినది. బిలాస్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుంచీ తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడ గార్డుగా రిటైరైన మా బావగారు ఇప్పుడు సీపత్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. మోకాళ్ల నొప్పులు, చేతికర్ర ఊతం. డాక్టరు నడవమన్నందున, కొడుకు ఆయన సెల్‌ఫోన్‌లో అడుగుల లెక్క ఏర్పాటు చేశాడు.

ఒక ఉదయం ఇద్దరం నడిచాము. బావగారు నోటితో వెయ్యి అడుగులు లెక్కించారు. ఫోను 640 అన్నది. మరునాడు జీపులో బిలాస్‌పూర్ వెళ్లివచ్చేసరికి, నడవని అడుగులు రెండు వందలకు పైగా జమపడ్డాయి.

"ఏమోయ్, నడిస్తే కోత, కూర్చుంటే బోనస్సా? గార్డు జర్నల్ ఇలా రాసివుంటే నన్ను ఆనాడే సస్పెండు చేసేవారు" అన్నారాయన.

ఫోను పాదాలను చూడదు. అందులోని ఆక్సెలరోమీటరు కుదుపును గ్రహిస్తుంది; కుదుపుల లయను బట్టి అడుగులను ఊహిస్తుంది. కాళ్లీడ్చే నడకలో కుదుపు చాలదు. గతుకుల బాటలో అది ఎక్కువ. అమెరికా వైద్య సంఘం పత్రిక 2015లో ప్రచురించిన పరీక్షలో ఆరోగ్యవంతులైన 14 మంది ట్రెడ్‌మిల్లుపై నడవగా, ఫోన్ల సగటు లెక్కలు అటూ ఇటూ ఏడు శాతం లోపలనే తేడా చూపాయి. అనగా, చురుకుగా నడవగలవారికి ఈ లెక్క నమ్మదగినదే. నడక ఎవరికి వైద్యమో, వారి విషయంలోనే అది తడబడుతున్నది.

పదివేల అడుగులనే లక్ష్యం కూడా శాస్త్రం నిర్ణయించినది కాదు. 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోనుంచి పుట్టినది.

ఇది వృద్ధుల వినోదం మాత్రమే అయితే ఈ లేఖ అక్కరలేదు. 2017లో "నేచర్" పత్రిక ప్రచురించిన పరిశోధన, భారతీయుల సగటు రోజుకు 4,297 అడుగులన్నది. అవి స్మార్ట్‌ఫోను వెంట ఉన్నవారి అడుగులు. బిందెతో నీళ్లకు నడిచే స్త్రీ అందులో లేదు. 2021లో కేంద్రం ప్రారంభించిన ఫిట్ ఇండియా యాప్ కూడా అడుగులు లెక్కిస్తుంది. కొన్ని ఆరోగ్య బీమా పథకాలలో అడుగులను బట్టి ప్రీమియం తగ్గింపు ఉన్నది. అంకె డబ్బుగా మారినప్పుడు, కర్రపోటుతో నడిచేవాడు చేసిన శ్రమకు కూడా నష్టపోతాడు. అతడు సరిచేసుకొనే చీటీ ఏది?

బావగారు మాత్రం ఫోను అంకె పక్కన తన అంకెను నోటుబుక్కులో వేసుకొంటున్నారు. నిన్నటికంటె నేడు ఎక్కువ నడిచామా అన్నదే ఆయన చూసేది. ఫోను తెరపై కూడా స్పీకరుగారి మాట ఒకటి ఉంటే బాగుండును.