మ్యాప్ ప్రమేయం: భద్రాచలం గోదావరి నీటిమట్టాల ఉదాహరణ

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరికను జారీ చేస్తారు. ఈ నియమం ఒక ప్రమేయం: మట్టాన్ని స్వీకరించి హెచ్చరిక సంఖ్యను ఇస్తుంది.

హాస్కెల్ భాషలో దీనిని ‘మ్యాప్’ ద్వారా జాబితా అంతటికీ వర్తింపజేయవచ్చు. గంటగంటకు నమోదైన మట్టాలు 41, 44, 49, 54 అనుకుంటే, ఫలితం 0, 1, 2, 3. మూల జాబితా మారదు; అంశాల సంఖ్య, క్రమం యథాతథంగా నిలుస్తాయి. కనుక ఏ హెచ్చరిక ఏ గంటకు చెందినదో స్థానమే తెలుపుతుంది.

‘ఫిల్టర్’ 48కి తగ్గని మట్టాలనే ఏరితే 49, 54 మిగులుతాయి. గంటను ముందే జతపరచకపోతే కాలం లోపిస్తుంది. ‘ఫోల్డ్’తో గరిష్ఠాన్ని తీస్తే ఒక్క సంఖ్యే దక్కుతుంది. 1986 నాటి 75.6 అడుగులు అటువంటిదే. వరద ఎంత వేగంగా పెరిగినదో అది చెప్పదు. లోతట్టు ప్రాంతాలను ఖాళీ చేయించే నిర్ణయానికి ఆ క్రమమే ఆధారం. అందుచేత ముందు మ్యాప్, తరువాతే సంక్షేపణ.