తవ్వే యంత్రానికి కనిపించనివి

సూరత్ అనగానే తెలంగాణలో చాలామందికి మరమగ్గాలు గుర్తుకొస్తాయి. బతుకుతెరువు కోసం వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్నాయి. కొన్నేళ్ళుగా ఆ నగరంలో మగ్గాల చప్పుడుతో పాటు తవ్వకాల మోత కూడా వినిపిస్తోంది. 2021 జనవరిలో పనులకు శంకుస్థాపన జరిగిన మెట్రో రైలు మార్గాల పొడవు 40.35 కిలోమీటర్లు. స్తంభాల పునాదులకు తవ్వాలి, సొరంగం స్టేషన్లకు తవ్వాలి. అంతకంటే ముందు, అడ్డొచ్చే మంచినీటి, మురుగు, గ్యాస్ గొట్టాలను పక్కకు మార్చడానికి తవ్వాలి.

ఇన్ని పనులు చేసే యంత్రం పేరు ఎక్స్‌కవేటర్. మన మేస్త్రీలు మాత్రం ప్రొక్లెయిన్ అంటారు. పోక్లేన్ అనే ఫ్రెంచి కంపెనీ సహకారంతో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ మన దేశంలో ఈ యంత్రాలను తయారు చేసింది. కంపెనీ పేరే యంత్రం పేరై మన నోళ్ళలో నిలిచిపోయింది. దీన్ని జేసీబీతో కలపకండి. జేసీబీ రబ్బరు చక్రాల బండి, దాని వెనక చెయ్యి సగం చుట్టు వరకే తిరుగుతుంది. ప్రొక్లెయిన్‌లో చైన్లు నేల మీదే ఉంటాయి, వాటిపైన ఉన్న క్యాబిన్, ఇంజన్, చెయ్యి అన్నీ కలిసి పూర్తి చుట్టు తిరుగుతాయి. దాని సౌకర్యమంతా ఇందులోనే ఉంది. ప్రమాదంలో సగం కూడా ఇందులోనే ఉంది.

ఎలాగో చూద్దాం. ఆపరేటరు కన్ను సహజంగా బకెట్ పళ్ళ మీద ఉంటుంది. అతని సీటు ఎడమ వైపున ఉంటుంది కనుక యంత్రం చెయ్యే కుడి వైపు చూపుకు అడ్డు. వెనక వైపు ఇంజను, దాని వెనక సమతూకం కోసం పెట్టిన టన్నుల కొద్దీ ఇనుము. 20 టన్నుల తరగతి యంత్రంలో తిరిగే ఇరుసు నుంచి ఈ ఇనుప తోక చివరికి దూరం సుమారు 2.75 మీటర్లు. చైన్ల బయటి అంచు మాత్రం ఇరుసుకు 1.4 మీటర్ల దూరంలోనే ఉంది. అంటే క్యాబిన్ పక్కకు తిరిగినప్పుడు తోక చైను దాటి దాదాపు 1.35 మీటర్లు బయటికి వస్తుంది. నిమిషానికి 12 చుట్లు తిరిగే యంత్రం పావు చుట్టు తిరగడానికి ఒకటింపావు సెకను చాలు. తోక చివర వేగం గంటకు 12 కిలోమీటర్లు! ఇది పెద్ద వేగమేమీ కాదు, సైకిలు వేగం. కానీ వెనక గోడ ఉంటే మనిషి తప్పుకోవడానికి చోటేదీ? అందుకే తోకకూ గోడకూ మధ్య కనీసం అర మీటరు ఖాళీ ఉండాలంటారు. అంత ఖాళీ లేని చోట మనుషులు దూరకుండా కంచె కట్టాలి. సూరత్ పాతబస్తీ లాంటి ఇరుకు వీధుల్లో ఈ కంచెకు చోటివ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా కట్టి తీరాలి.

ఇక కాళ్ళ కింది నేల సంగతి. 20 టన్నుల బరువు రెండు వెడల్పాటి చైన్ల మీద పరుచుకోవడం వల్ల నేల మీద పీడనం చదరపు సెంటీమీటరుకు అర కిలో మాత్రమే. నడిచే మనిషి పాదం కింది పీడనం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది! అయితే ఈ లెక్క యంత్రం ఊరికే నిలబడి ఉన్నప్పటిది. చెయ్యి పక్కకు చాచి, నిండు బకెట్‌ను ఎత్తినప్పుడు గరిమనాభి అటు జరుగుతుంది. బరువంతా ఒక చైను అంచు మీద పడుతుంది. బరువును దూరంతో గుణిస్తే వచ్చే భ్రామకమే యంత్రాన్ని పడదోసేది. కాబట్టి దగ్గరలో సునాయాసంగా ఎత్తిన సిమెంటు గొట్టాన్నే చెయ్యి పూర్తిగా చాచి ఎత్తబోతే యంత్రం ఒరగవచ్చు. చైన్ల పొడవు వెంట ఎత్తగలిగినంత బరువు అడ్డంగా ఎత్తలేదు. ఏ దూరంలో ఎంత ఎత్తవచ్చో చెప్పే పట్టిక క్యాబిన్‌లో ఉంటుంది. దాన్ని చదివాకే గొలుసు కట్టాలి.

ఆ బరువు కందకం గట్టు మీద పడితే? సూరత్ తాపీ నది తెచ్చి పోసిన ఒండ్రు మీద కట్టిన ఊరు. అక్కడ తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే నల్ల బంకమట్టి ఎక్కువ. ఇలాంటి మట్టిని తవ్వినప్పుడు గోడ నిటారుగా, నున్నగా నిలుస్తుంది. రేణువుల మధ్య నీరు, తలతన్యత వల్ల వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. మోసమంతా ఇక్కడే ఉంది. తవ్వేశాక పక్క ఒత్తిడి పోయిన మట్టి నెమ్మదిగా నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. పొద్దున నిలిచిన గోడ మధ్యాహ్నానికి కూలవచ్చు. గట్టుకు సమాంతరంగా నెర్రె కనిపించిందంటే దిగినవారిని వెంటనే పైకి రప్పించాలి. ఒక ఘనమీటరు తడి మట్టి దాదాపు 1.8 టన్నులు. ఛాతీ వరకు కూరుకుపోయిన మనిషి వదిలిన గాలిని మళ్ళీ పీల్చుకోలేడు, తల బయటే ఉన్నా సరే. ఒకటిన్నర మీటర్లు దాటిన లోతుకు గోడలను వాలుగా తవ్వాలి, లేదా పలకలతో దన్ను కట్టాలి. తీసిన మట్టిని అంచుకు కనీసం ఒకటిన్నర మీటర్లు లేక లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పొయ్యాలని కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలు చెబుతాయి. యంత్రాన్ని కందకం వరుసలోనే నిలిపి, వెనక్కి జరుగుతూ తవ్వాలి. అంచు జారితే వెనక్కి పోవడానికి దారి ఉంటుంది.

నేల లోపల ఏముందో తెలుసుకోవడం అన్నిటికంటే కష్టం. హజీరా నుంచి జగదీశ్‌పూర్‌కు 1980లలో వేసిన పెద్ద గ్యాస్ గొట్టం మొదలయ్యేది సూరత్ పక్కనే. నగరంలో వంటింటి గ్యాసూ గొట్టాల్లోనే వస్తుంది. వీధి గొట్టాలు ఎక్కువగా పసుపు లేక నారింజ రంగు పాలిథిలీన్‌వి. లోహం కాదు కనుక లోహశోధకం వాటిని పట్టలేదు. రాడార్‌తో వెతుకుదామంటే తడి బంకమట్టి ఆ తరంగాలను మింగేస్తుంది. మిగిలింది పాత పద్ధతే: పటాలు చూసి, గొట్టం ఉంటుందనుకున్న చోట మనుషులు పారలతో జాగ్రత్తగా చిన్న గుంతలు తవ్వి కళ్ళతో చూడటం. ఎవరి గొట్టాలు, కేబుళ్ళు ఎక్కడున్నాయో తవ్వేవారికి చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న ఒక మొబైల్ యాప్‌ను ప్రారంభించింది. ‘తవ్వే ముందు అడగండి’ అనే అర్థం వచ్చే పేరు దానిది.

బకెట్ పన్ను పాలిథిలీన్ గొట్టాన్ని తెంపకుండా లాగి వదిలినా ప్రమాదమే. గొట్టం సాగి, దూరాన ఎవరి ఇంట్లోనో అతుకు ఊడవచ్చు. అందుకని ‘ఏమీ కాలేదులే’ అని మట్టి కప్పెయ్యకూడదు. గ్యాస్ కంపెనీకి చెప్పాలి. కారిన గ్యాస్ ఏం చేస్తుందో మనకు తెలియనిది కాదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గొట్టం కారిన గ్యాస్ ఊరిని కమ్మి, అంటుకుని 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడ గొట్టాన్ని తినేసింది తుప్పు, యంత్రం కాదు. గ్యాస్‌కు ఆ తేడా తెలియదు. వాసన వస్తే ఇంజను ఆపి, ఏ స్విచ్చూ ముట్టకుండా, గాలి వీచే దిక్కుకు ఎదురుగా అందరూ దూరం వెళ్ళాలి.

పైన కరెంటు తీగ బూమ్‌కు తగిలితే ఇందుకు విరుద్ధం. ఆపరేటరు దిగకూడదు. క్యాబిన్‌లోనే ఉండి చెయ్యిని తీగ నుంచి తప్పించాలి, మిగతావారు దగ్గరికి రాకూడదు.

మీరు ఆపరేటరు కాకపోవచ్చు. గొట్టం అతికే మేస్త్రీయో, కొలతలు తీసుకునే ఇంజనీరో, టీ తెచ్చే కుర్రవాడో కావచ్చు. యంత్రం దగ్గరికి వెళ్ళవలసివస్తే ముందు దూరంగా ఆపరేటరు చూపు పడే చోట నిలబడండి. అతను మిమ్మల్ని చూశాడని చేతి సైగతో తేల్చుకోండి. అతను బకెట్‌ను నేలకు ఆనించాలి. సీటు ఎడమ పక్కన ఒక మీట ఉంటుంది. చాలా యంత్రాల్లో దాన్ని పైకి లేపితే చమురు ఒత్తిడి కంట్రోళ్ళకు అందదు, మోచెయ్యి పొరపాటున తగిలినా యంత్రం కదలదు. ఆ మీట లేచాకే అడుగు ముందుకు వెయ్యండి.