వెనుక ఇరుసు నిష్పత్తి

మోటారు కారులో ఇంజను పుట్టించే శక్తి నేరుగా చక్రాలను చేరదు. అది మొదట గేర్ బాక్సులోను, ఆ తరువాత వెనుక ఇరుసు నడుమనున్న పళ్లచక్రాల జంటలోను రూపు మార్చుకొని చక్రాలకు అందుతుంది. ఆ జంటలో చిన్నదానిని పినియన్ అని, పెద్దదానిని క్రౌన్ చక్రమని వ్యవహరిస్తారు. క్రౌన్ చక్రపు పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగించగా వచ్చేదే వెనుక ఇరుసు నిష్పత్తి. ఇది పెద్దదైతే చక్రాలకు ఈడ్చే బలం పెరిగి వేగం తగ్గుతుంది. చిన్నదైతే ఇందుకు విపర్యయం. గేర్ల సైకిలులో గొలుసు వెనుకనున్న పెద్ద చక్రం మీద పడినప్పుడు ఎత్తు ఎక్కడం సులువే. సమతలం మీద మాత్రం కాళ్లు ఎంత తొక్కినా సైకిలు తగినంత ముందుకు సాగదు.

ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణంలో ఎం.జి. సంస్థ 1949 చివరి నుండి 1953 వరకు నిర్మించిన టి.డి. అనే రెండు సీట్ల కారు ఈ విషయానికి చక్కని నిదర్శనం. సుమారు 30 వేల కార్లు తయారు కాగా వాటిలో అత్యధికం అమెరికాకు ఎగుమతి అయ్యాయి. దాని ఇంజను 1250 సి.సి.ది మాత్రమే. క్రౌన్ చక్రానికి 41 పళ్లు, పినియన్‌కు 8 పళ్లు. అనగా నిష్పత్తి 5.125. చిన్న ఇంజనుతో, మలుపులు నిండిన పల్లె బాటలలో చురుకుగా పరుగెత్తవలసిన కారుకు ఇది యుక్తమైన ఎంపికే. బ్రిటనులో మొట్టమొదటి మోటారు మార్గం 1958లో గాని తెరుచుకోలేదు. గంటల తరబడి ఒకే వేగంతో సాగే ప్రయాణం ఈ కారు రూపకర్తల ఊహకు అంతగా అందినది కాదు.

ఆ కారును నేటి రహదారిపై నడిపేవారికి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. టైరు ఒక్కసారి తిరిగితే కారు రమారమి 2 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి చక్రం నిమిషానికి 833 సార్లు తిరగాలి. నాలుగవ గేరులో గేర్ బాక్సు వేగాన్ని మార్చదు కనుక ఇంజను దానికి 5.125 రెట్లు, అనగా దాదాపు 4,270 సార్లు తిరగాలి. పిస్టన్ ఒక్కొక్క దెబ్బకు 90 మిల్లీమీటర్లు కదిలే ఈ పాతకాలపు ఇంజనులో ఆ వేగం వద్ద పిస్టన్ సగటు వేగం సెకనుకు 12.8 మీటర్లు. కొంతసేపటికి ఇది సహ్యమే. గంటల కొద్దీ కొనసాగితే చెవులకు హోరు, ఇంజనుకు అరుగుదల తప్పవు.

అందుచేత పలువురు యజమానులు నిష్పత్తిని మార్చుకుంటారు. తరువాత వచ్చిన టి.ఎఫ్. కారులో 39 పళ్లకు 8 పళ్లు, అనగా 4.875, 1955 నాటి ఎం.జి.ఎ. కారులో 43కు 10, అనగా 4.3. ఈ చివరి జంటను అమర్చితే అదే 100 కిలోమీటర్ల వేగానికి ఇంజను సుమారు 3,580 సార్లు తిరిగితే చాలు. అయితే ప్రతి గేరులోను చక్రాలకు అందే బలం 16 శాతం తగ్గిపోతుంది. ఇద్దరు మనుషులు, సామాను, ఎదురుగా నిలువెత్తు కొండబాట ఉన్నప్పుడు ఆ తరుగు బాగానే తెలుస్తుంది.

నిష్పత్తి తగ్గిస్తే కారు గరిష్ఠవేగం పెరుగుతుందని చాలామంది తలుస్తారు. ఇది పొరపాటు. ఈ ఇంజను తన పూర్తి 54 అశ్వశక్తిని నిమిషానికి 5,200 భ్రమణాల వద్ద ఇస్తుంది. 5.125 నిష్పత్తితో ఆ భ్రమణాల వద్ద కారు వేగం సుమారు 122 కిలోమీటర్లు. కారు చేరగల గరిష్ఠవేగం కూడా ఇంచుమించు అంతే. కర్మాగారం వారు లెక్క చూసే నిర్ణయించారన్నమాట. 4.3తో అదే వేగం వద్ద ఇంజను 4,360 భ్రమణాలకే పరిమితమై పూర్తి శక్తిని ఇవ్వలేదు. గాలి నిరోధం మాత్రం తగ్గదు. కనుక లభించేది వేగం కాదు, నెమ్మది.

మైదాన ప్రాంతంలో దూరప్రయాణాలు చేసేవారికి 4.3 అనుకూలం. కొండప్రాంతపు నివాసి 5.125ను వదులుకోకపోవడమే మేలు. రెండింటికీ నడుమ 41 పళ్లకు 9 పళ్ల జంట ఉన్నది. దాని నిష్పత్తి దాదాపు 4.55. బలంలో తరుగు 11 శాతమే కనుక ఎక్కువమందికి సరిపడేది ఇదే. ఖర్చుకు వెనుకాడనివారు అయిదు గేర్ల బాక్సును అమర్చుకొని, ఇరుసును ముట్టకుండానే పై గేరులో భ్రమణాలను తగ్గించుకుంటారు.

ఈ పళ్ల సంఖ్యలలో ఒక చమత్కారమున్నది. 41కి 8కి, 43కు 10కి ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. అందువలన పినియన్‌లోని ప్రతి పన్ను క్రమంగా క్రౌన్ చక్రపు ప్రతి పన్నునూ తాకి, అరుగుదల అన్నింటికీ సమంగా పంచబడుతుంది. కర్మాగారంలో ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి రాపిడి చేసి జతపరుస్తారు. కనుక ఒకదానిని విడిగా మార్చరాదు. అమర్చేటప్పుడు పళ్ల నడుమ ఉండవలసిన సన్నని ఎడాన్ని పలుచని రేకులతో సరిచేయాలి. ఎడం తక్కువైతే పళ్లు వేడెక్కి చెడిపోతాయి. ఎక్కువైతే ఇరుసు మూలుగుతుంది.

మరొక సంగతి తరచు మరపున పడుతుంది. టి.డి.లో వేగసూచిక గేర్ బాక్సు నుండి నడుస్తుంది. ఇరుసు మారినట్లు దానికి తెలియదు. 4.3 జంట అమర్చిన కారు నిజంగా 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నా ముల్లు 84 వద్దనే నిలుస్తుంది. మలుపు ముందర ఈ తేడా ప్రాణాంతకం కావచ్చు. కారు రోడ్డెక్కక ముందే వేగసూచికను కొత్త నిష్పత్తికి తగినట్లు సరిచేయించాలి.